ప్రాక్టికల్‌లో విడిగా పాసవ్వాలి

1983 మార్చి 4
కాలేజీ బోర్డు మీద మళ్ళీ అదే కాగితం. థియరీలో ఎన్నొచ్చినా కెమిస్ట్రీ ప్రాక్టికల్‌లో విడిగా పాస్ మార్కులు రావాలి. రాకపోతే డిగ్రీ లేదు. థియరీకి భయం లేదు నాకు. చుక్క చుక్కగా ద్రావణం వదిలే ఆ బ్యూరెట్‌తోనే నా భయమంతా.

మార్చి 9
అన్నం తింటూ అయ్య — "మన భూములు స్టీల్ ప్లాంటుకి పోయేయి. ఇంటికి ఒకటే నిర్వాసితుల కార్డు, ఒకటే ఉద్యోగం. ఈ ఏడు డిగ్రీ పాసైతే నీకే, ల్యాబ్‌లో. తప్పితే కార్డు మీ బావకి ఇచ్చేత్తాను." అప్ప మొగుడి కంచం కేసే చూస్తంది. బావ నా కంచంలో ఇంకో సేప ముక్క వేశాడు. "తినరా, పాసైపోతావు గానీ."

మార్చి 15
కళ్ళు మూస్తే టైట్రేషన్‌లో వచ్చే ఆ గులాబీ రంగే. ఒక్క చుక్క ఎక్కువైతే పోయినట్టే...

మార్చి 21
ప్రాక్టికల్ అయిపోయింది. ఏటి సేశాన్రా నాను!

ఎన్నిసార్లు టైట్రేషన్ చేసినా ఒకటే రీడింగ్. బాగానే వచ్చింది. అప్పుడు పక్క బెంచీ సూర్యం పేపరు కంటబడింది — వాడిది వేరే. వాడు క్లాసు ఫస్టు. నాదే తప్పనుకున్నాను. కొట్టేసి వాడి అంకె వేసేశాను.

ఎగ్జామినర్ వేలు పెట్టి — "ఇదెందుకు కొట్టేశావ్?"

"తప్పు రాశానండి."

పేపరు తీసుకుని పక్క బెంచీకెళ్ళిపోయాడు.

బయట సూర్యం నవ్వుతన్నాడు. "నీకు తెలీదేటి? కాపీ కొట్టకుండా ఈసారి సీసా సీసాకీ ద్రావణం గాఢత మార్చేరంట."

అంటే నా సీసాకి నా రీడింగే కరెక్టు. కొట్టేసిందే కరెక్టు.

ఏప్రిల్ 2
అయ్యకి చెప్పలేదు. అడిగితే బాగా చేశానన్నాను.

ఏప్రిల్ 17
అయ్య సింహాచలం మెట్లెక్కి మొక్కుకొచ్చాడు. "అప్పన్న ఉన్నాడు, నీకేటి భయం?" ప్రసాదం చేతిలో పెట్టాడు. ఏడుపొచ్చేసింది. భక్తి అనుకున్నాడు.

జూన్ 6
ఉండబట్టలేక ఫిషింగ్ హార్బర్‌కెళ్ళి బావకి చెప్పేశాను. ఐసు బుట్ట దించి మొత్తం విన్నాడు. "కొట్టేసినా కనిపిస్తాది గదా. సూసి మార్కులేత్తారులే." నా మొహం కేసి చూడలేదు. బుట్ట ఎత్తుకున్నాడు.

జూన్ 11
రేపు రిజల్ట్స్. నా తెల్లచొక్కా కనబడకపోతే వెతుకుతన్నాను. అప్ప దండెం మీద ఆరేస్తోంది.

"ఎందుకు ఉతికావప్పా? మడత పెట్టి ఉంచాను గదా."

చొక్కా ముడతలు లాగి సర్దింది. కిటికీలో ఉద్యోగం దరఖాస్తుకి అంటించే సైజు చిన్న ఫోటోలు, స్టూడియో కవరు మీద. బావ. గెడ్డం గీయించుకున్నాడు, తల నున్నగా దువ్వుకున్నాడు. ఒంటి మీద నా చొక్కా.

"ఊరికేరా... ఉంటాదని తీయించుకున్నాడు," అంది అప్ప.

చొక్కా ఇంకా తడిగా ఉంది. రేపు నాను ఏసుకెళ్ళాల్సింది అదే.