పోరంబోకులో నది

చిరంజీవి పెద్దతల్లిని మీ నాన్న మనసారా దీవించి రాసేది. ఇక్కడ మీ అమ్మ, నేను క్షేమం. ఇద్దరి పేర్లు రాశాక మూడో పేరు రాయడానికి చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. రెండు నెలలైనా దానికి అలవాటు కాలేదు. ఓడలో ఇంజను గది వేడికి తిండి సహించడం లేదని రాశావు. సహించకపోయినా వేళకింత తిను.

అమ్మ మోకాలి సంగతి అడిగావు. నొప్పి తగ్గింది, నోరు తగ్గలేదు. తమ్ముడి మంచం మీద దుప్పటి మాత్రం మార్చనివ్వడం లేదు. రోజూ మధ్యాహ్నం వెళ్లి అక్కడే కూర్చుంటుంది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోతాను.

ఇక నువ్వడిగిన రెండో సంగతి. రాయాలా వద్దా అని వారం రోజులు తటపటాయించాను.

తమ్ముడి కంప్యూటర్ ఆటలో కొండల అవతల పటమంతా నల్లగా ఉండేది కదా. 'పొద్దస్తమానం ఆ ఆటేమిట్రా, పోరంబోకు' అని నేను తిడితే, 'ఎవరి పేరా లేని భూమిని కూడా మీ సర్వేవాళ్లు అదే అంటారుగా నాన్నా. అయితే ఆ నల్లటిదంతా నాదే' అన్నాడు. అప్పట్నుంచి మనింట్లో దాని పేరు పోరంబోకే. అక్కడేముందని మీరిద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకునేవారు. అటు నుంచి వచ్చే మబ్బు ఏనాడూ కురవదు కాబట్టి ఎడారేనని నువ్వు. కొండలకు ఇటున్న సంతలో ముసలామె చేపలమ్ముతోంది, ఇటుపక్క నీళ్లన్నవే లేవు, మరి చేపలెక్కడివి, నది ఉండి తీరాలని వాడు. 'అక్కడ మా అత్తగారుంటుంది, అందుకే ఎవరూ వెళ్లరు' అని మీ అమ్మ.

చివరి రోజుల్లో వాడి వేళ్లు మీట నొక్కలేకపోయాయి, చూపు కూడా మసకబారింది. 'నాన్నా, నువ్వు నడుపు. ఏం కనిపిస్తే అది చెప్పు' అన్నాడు. మంచం పక్కన కూర్చుని వాడి గుర్రాన్ని కొండలు దాటించాను. అక్కడేమీ లేదమ్మా. కంటికి కనపడని గోడ ఉంది. గుర్రం కాళ్లాడిస్తుంది గానీ అడుగు ముందుకు పడదు. తయారుచేసినవాళ్లు అక్కడితో వదిలేశారు.

'ఏముంది నాన్నా?' అన్నాడు.

'నది' అన్నాను.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో గజం భూమి తప్పు రాయనివాణ్ణి, తొమ్మిది రోజులు లేని నదిని కొలిచాను. వెడల్పు చెప్పాను, రేవులు చెప్పాను, పడవలెన్నో చెప్పాను. ఏ రోజు సంగతి ఆ రోజు వాడు మీ అమ్మ చేత నీకు రాయించేవాడు. అవన్నీ నీకు ఒకేసారి, వాడు పోయాక అందాయి. వరసగా పెట్టుకుని చదివి అడిగావు, మొదటి ఉత్తరంలో కొండల నుంచి కిందికి పారే నది ఆరో ఉత్తరంలో కొండ ఎలా ఎక్కుతోంది నాన్నా అని.

ఏ రోజు ఏం చెప్పానో మరిచిపోయాను తల్లీ. అందుకే ఎక్కింది.

వాడు పట్టుకోలేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. నా పటంలో వెంట్రుకంత తేడా ఉన్నా 'ఏమండీ సర్వేయరుగారూ' అని వెక్కిరించేవాడు, నది కొండెక్కితే ఊరుకున్నాడు. నేను చెప్పింది చెప్పినట్టు రాయించి, 'ఆ తర్వాత ఏముంది నాన్నా' అన్నాడు. తెలిసే అడిగాడు. నా నోరు ఆగితే ఏడుస్తానని వాడికి తెలుసు. నీ ఉత్తరం చదివాక ఆ సంగతి నాకు అర్థమైంది. ఆ రోజు అన్నం ముందు నుంచి లేచిపోయాను. మీ అమ్మకు ఇంకా చెప్పలేదు.

సెలవుకొచ్చినప్పుడు ఆట తెరిచి ఆ నది చూద్దామని రాశావు. చూడటానికేమీ లేదు. వాడి గుర్రం మాత్రం ఆ గోడ దగ్గరే నిలబడి ఉంది. వెనక్కి తోలుకురావాలని రెండుసార్లు కూర్చున్నాను, నా వల్ల కాలేదు. నువ్వు వచ్చి దాన్ని ఇంటికి తీసుకురా.

ఇట్లు,
నీకూ వాడికీ నాన్న