గోడకు చెమ్మ ఎందుకొచ్చిందంటే

జానీమియా చాచాకు,

కోరుట్లలోని మీ పాత ఇల్లు బాగుచేసి మాకు అమ్మినప్పుడు, ఏడాదిలోపు గోడకు చెమ్మ వస్తే మీదే బాధ్యతని కాయితం రాసిచ్చారు. మూడుసార్లు పిలిచాం. మూడుసార్లూ తాపీ పట్టుకొని, రాబియా చాచీని వెంటబెట్టుకొని సిరిసిల్ల నుంచి వచ్చారు. మొన్న గోడ తడిమి, "నా చేతి పని గిట్లెందుకైంది బిడ్డా?" అని మీరు చిన్నబోతే నాకు అన్నం సహించలేదు.

మీ పనిలో తప్పేం లేదు. చెంబుతో గోడకు నీళ్లు కొట్టేది మా అత్తమ్మ! నిన్న నా కంటబడింది. "గట్లన్న రాబియా వస్తదని కొట్టిన. గీ వాడల నాతోని ముచ్చట పెట్టేటోళ్లు ఎవలున్నరు?" అంది.

ఈ ఆదివారం తాపీ ఇంట్లో పెట్టి, చాచీతో భోజనానికి రండి. గ్యారంటీ ఇంకా నెల ఉంది. మీరు రాకపోతే చెంబు అత్తమ్మ చేతికే ఇస్తాను.

మీ కోరుట్ల బిడ్డ