చౌడేశ్వరి ఇచ్చిన జాగా

అన్నా,

ఫోన్లో అయితే నువ్వు మాట మధ్యలో అడ్డం వస్తావు, నేను ఏడుస్తాను. అందుకే రాస్తున్నాను.

రేపటి నుంచి గార్మెంట్స్‌కు పోను. మానేసేవాళ్లు నెల ముందే చెప్పాలని తెలుసు. మేనేజరుకు మాటిచ్చి నాకు సూపర్‌వైజర్ పని ఇప్పించింది నువ్వు. చెప్పకుండా మానేస్తే పోయేది నీ మాటే. ఈ ఏడూ శనక్కాయ పంట చేతికి రాలేదు, ఇంట్లోకి నా జీతం ఒక్కటే వస్తోంది. అన్నీ తెలుసు.

నిన్న మన వీధి చౌడేశ్వరి బాత్రూంకు పోతానంటే, టార్గెట్ కాలేదని పోనివ్వలేదు. లైనంతా వినేలా అరిచాను. నేను అరవకపోతే మేనేజరు నామీద అరుస్తాడు. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూనే కుట్టింది.

సాయంత్రం అందరం ఒకే బస్సులో కదా వచ్చేది. నాకెవరూ జాగా ఇవ్వరు, నిలబడే వస్తాను. అది అలవాటైపోయింది. నిన్న చౌడేశ్వరి పక్కకు జరిగింది.

"ఈడ కూచో అక్కా. పొద్దున్నుంచి నిలబడే ఉండావు."

కూర్చున్నాను.

ఇంకో నెలపాటు ఆ పిల్ల పక్కన కూర్చొని వచ్చి, తెల్లారి మళ్లీ ఆ పిల్ల మీదే ఎట్లా అరిచేది?

నువ్వు ఎంత తిట్టినా పడతానన్నా. తిట్టడమే ఇక నావల్ల కాదు.

నీ చెల్లెలు