చూసుకునే దాటాం

అక్కా,

నేను కౌన్సిలర్‌నయ్యాక పెట్టిన మొదటి తీర్మానం నెగ్గింది! ఫోన్‌లో చెబితే ఏడ్చేస్తానని రాస్తున్నాను. నిన్ను కారు గుద్దిన బడి ముందు రోడ్డుకు స్పీడ్ బ్రేకర్లు మంజూరయ్యాయి.

సమావేశంలో నేను రెండు స్పీడ్ బ్రేకర్లు అడిగితే, బస్సుల ఓనరైన ఒక కౌన్సిలర్ అడ్డం తిరిగాడు. "స్పీడ్ బ్రేకర్లేస్తే బస్సులు టైముకెలా వెళ్తాయమ్మా? జనమే చూసుకుని దాటాలి," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "అయితే పదండి, చూసుకునే దాటుదాం," అన్నాను. చైర్‌పర్సనే ముందు లేచింది. అందరం బడి దగ్గరికి నడిచాం.

సగం దాటామో లేదో, ఒక బస్సు హారన్ కొడుతూ మీదికొచ్చింది. ఆయన గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. మా ముక్కుల ముందునుంచి దూసుకుపోయిన ఆ బస్సు మీద ఆయన పేరే ఉంది!

అవతలికి చేరాక ఆయన ముఖాన నెత్తురు చుక్క లేదు.

"రెండు చాలవమ్మా, మూడు వేయించండి," అన్నాడు.

"నాలుగు," అన్నాను. కాదనలేదు. హాల్లోకి రాగానే అన్ని చేతులూ లేచాయి. మొదటి చెయ్యి ఆయనదే.

నువ్వు గడప దాటడం లేదని బావ చెప్పాడు. రోడ్డు పని అవగానే వచ్చి నిన్ను అక్కడికి తీసుకెళ్తాను. ఎంత నెమ్మదిగానైనా నడువు, బండ్లవాళ్లే ఆగుతారు.

నీ చెల్లి