కరియ బాగున్నాడు

ఎమ్మిగనూరు,
13 ఏప్రిల్ 1955, బుధవారం.

ప్రియమైన కూతురు మేరికి మీ అమ్మ సంతోషమ్మ దీవించి రాయునది. ప్రభువు దయవల్ల నేను ఇక్కడ క్షేమం. ఆదోనిలో నువ్వు, అల్లుడు ఏసన్న, వియ్యపురాలు ముత్తమ్మగారు, ఆమె పేరు పెట్టుకున్న మన చిన్న ముత్తమ్మ క్షేమంగా ఉండాలని మోకరించి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఉత్తరమంటే క్షేమం అనే మాటతోనే మొదలుపెట్టాలి గనక రాశాను గానీ, బిడ్డ చేతి మీద కుక్కకాటు పెట్టుకొని ఆ మాట రాయడానికి చెయ్యి ఆడలేదు.

ముందు నీకు కావలసిన కబురు. కరియ బాగున్నాడు. నిన్న సాయంత్రం నేను బస్సు దిగి ఇల్లు చేరేసరికి, మన పక్కింటి దేవక్క కట్టినచోటనే, పెరటి గుంజ దగ్గర పడుకొని ఉన్నాడు. నన్ను చూసి తోక ఊపాడు. జొన్నరొట్టె మజ్జిగలో నానేసి పెడితే తిన్నాడు. నీళ్ళు తాగుతున్నాడా లేదా అన్నది ముఖ్యమని డాక్టరు రెండుసార్లు చెప్పాడు కదా, అందుకని చిప్పలో చెంబెడు నీళ్ళు పోసి ఎదురుగా కూర్చున్నాను. అంతా తాగాడు. చొంగ కారడం లేదు. కళ్ళు ఎర్రబడలేదు.

డాక్టరు చెప్పింది బడిపిల్లలా అప్పజెప్పుకుంటున్నాను. ఇంటి కుక్క కాబట్టి చంపకుండా కట్టేసి, కరిచిన రోజు నుంచి పది రోజులు చూడాలి. పది రోజులూ తిని తాగి బతికి ఉంటే దానికి పిచ్చి లేనట్టే, బిడ్డకు భయం లేదు. మధ్యలో అది చచ్చినా, తీరు మారినా, కనబడకుండా పోయినా ఆ రోజే బిడ్డకు సూదులు మొదలుపెట్టాలి. రోజుకొకటి చొప్పున పద్నాలుగు, అదీ పొట్టలో. రెండేళ్ళ పిల్ల పొట్ట ఎంత, నా అరచేయంత. అల్లుడు ఇప్పుడే వేయిద్దామన్నాడు. నువ్వు ఏడ్చావు. నేనే అడ్డం పడి, కుక్కను కనిపెట్టుకొని ఉండడం నా పూచీ, రోజూ కార్డు రాస్తానని డాక్టరు ముందు మాట ఇచ్చాను. ఆ మాట నిలబెట్టుకుంటాను.

మీ అత్తగారు ఆసుపత్రి వరండాలో అన్న మాట బస్సులో వస్తున్నంతసేపూ చెవిలో ఉంది. కుక్క కుక్కే, దాన్ని నమ్మి పసిపిల్లను ఇడిసిపెట్టినారే, మీకు బుద్ధి యాడికి పోయినాది అని. ఆమె అన్నందుకు నాకు కోపం లేదు. ఆమె నోరు తెరిస్తే మిరపకాయ ఎప్పుడూ రాలుతుంది, కానీ ఈసారి నిజం కూడా రాలింది. పండగకు మీరు ఇక్కడికి వచ్చినప్పుడు, ఈస్టరు మరునాడు మిగిలిన ఎముకలు కరియకు వేసి, బిడ్డను వాడి దగ్గర వదిలి నీళ్ళకు పోయింది నేనే. నువ్వు బట్టలు ఉతుకుతూ, అమ్మా కుక్కను కట్టెయ్ అన్నావు. నేను నవ్వాను. నువ్వు దోగాడే రోజుల్లో అప్పటి మన కుక్క వీపు మీదే కదా నిలబడడం నేర్చుకున్నావు అన్నాను. బిడ్డ పోయి ఎముక పట్టుకుంది. వాడు ఒక్కసారి పట్టి వదిలేశాడు. నాలుగు పళ్ళ గాట్లు. ఆరేళ్ళలో వాడు ఒకరి మీద పన్ను పెట్టింది లేదు. మొరిగే కుక్క కరవదంటారు, మా కరియ మొరిగేది మొదటి నుంచీ తక్కువే. అది అప్పుడే ఆలోచించవలసింది.

కుక్కకాటుకు చెప్పుదెబ్బ అని, బండి తోలే కాశప్ప ఆ పూటే కట్టె పట్టుకొని వచ్చాడు. నేను అడ్డం నిలబడ్డాను. ప్రాణం తీయనీయనన్నాను. అలా నిలబడడం బిడ్డకే మేలయిందని డాక్టరు అన్నాడు కదా, ఆ ఒక్క మాట పట్టుకొని నిన్న రాత్రి కునుకు తీశాను.

పుండు మీద ఆకులూ అలములూ పెట్టనీయకు. రేపు మళ్ళీ రాస్తాను.

నీ అమ్మ,
సంతోషమ్మ


14 ఏప్రిల్, గురువారం.

మేరికి దీవెనలు. కరియ బాగున్నాడు. ఉదయం సంగటి తిన్నాడు, నీళ్ళు తాగాడు. కట్టు అలవాటు లేని ప్రాణం కదా, మూలుగుతున్నాడు. మెడ దగ్గర తాడు ఒరుసుకొని బొచ్చు ఊడింది. గోనెగుడ్డ చుట్టాను. నేను మగ్గాలకు నూలు కండెలు చుట్టడానికి కూర్చుంటే నా వైపే చూస్తున్నాడు. మీ నాయన గిడ్డయ్య పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో నన్ను చూసే కళ్ళు అవే. ఆ కళ్ళ మీద ఇప్పుడు నాకు కోపం రావాలి. వస్తోంది, పోతోంది. బిడ్డ ఎలా ఉంది? జ్వరం ఉందా? రాయి.

అమ్మ


15 ఏప్రిల్, శుక్రవారం.

మేరికి దీవెనలు. కరియ బాగున్నాడు. తిన్నాడు, తాగాడు. కార్డులో చోటు చాలా ఉంది గానీ రాయడానికి ఏమీ లేదు. ఎండలు ముదిరాయి. బిడ్డను బయట తిప్పకు.

అమ్మ


16 ఏప్రిల్, శనివారం.

ప్రియమైన మేరికి అమ్మ దీవెనలు. నీ ఉత్తరం పొద్దున అందింది. గాటు ఎండుతోందని, బిడ్డ ఆ చేత్తోనే ముద్ద పెట్టుకొని తింటోందని చదివి మూడుసార్లు కళ్ళకద్దుకున్నాను. పేరు మీ అత్తది వచ్చినా మొండితనం నాదే వచ్చింది దానికి.

కరియ బాగున్నాడు. నిన్న రొట్టె తిన్నాడు, ఇవాళ కొర్రన్నం తిన్నాడు. నీళ్ళు చెంబెడు తాగాడు. ఒక చెంబు పోసి, మళ్ళీ అర చెంబు పోశాను. కొత్తవాళ్ళు వచ్చినా మీద పడడం లేదు. అన్నీ డాక్టరు చెప్పిన తీరులోనే ఉన్నాయి.

రేపు ఆదివారం మిల్లుకు సెలవు కాబట్టి అల్లుడు వచ్చి కుక్కను కళ్ళారా చూసి పోతానన్నాడని రాశావు. ఆయన రావడం నాకు సంతోషమే. కానీ ఈ ఎండలో ఎందుకు, మేరీ? వారమంతా పత్తి జిన్నులో దూది దుమ్ము మింగి, ఉన్న ఒక్కరోజూ బస్సులో నిలబడి రావాలా? పైగా కుక్క దగ్గరికి కొత్తమనిషి వస్తే బెదురుతుంది. ఇక్కడ నేను ఉన్నాను కదా. నా కళ్ళు ఆయన కళ్ళు కావా? రావద్దని చెప్పు. నేను చెప్పానని కాదు, నువ్వే చెప్పు. టపా రేపటికి అందదు గనక, ఆదోని కొట్లకు చీరల మూటలు మోసే నరసప్ప చేత ఈ ఉత్తరం ఈ పూటే పంపుతున్నాను.

పెరట్లో దేవక్క, నేను ఇందాక మాట మాట అనుకున్నాం. ఎందుకని అడగవద్దు, ఇరుగుపొరుగు అన్నాక ఉంటాయి. ఈ మధ్య నాకు ఎవరి మాటా నచ్చడం లేదు. చుట్టిన కండె మళ్ళీ విప్పి చుడుతున్నాను. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం వేయడం మరిచిపోయాను. నువ్వేమీ బెంగ పెట్టుకోకు.

బిడ్డ నీళ్ళు తాగుతోందా? తాగేటప్పుడు ముఖం తిప్పుకుంటోందా? ఊరికే అడిగాను.

నీ అమ్మ


18 ఏప్రిల్, సోమవారం.

మేరికి దీవెనలు. రావద్దన్నందుకు అల్లుడికి నా మీద కోపం లేదనుకుంటాను. కరియ బాగున్నాడు. నిన్న ఆదివారం ఆరాధనకు గుడికి పోయాను. అయ్యగారు ఏం చెప్పారో ఒక్క ముక్క చెవికెక్కలేదు. మధ్యలో లేచి వచ్చాను. బిడ్డ సంగతి రెండు మాటలు ఎక్కువ రాయి.

అమ్మ


ఎమ్మిగనూరు,
19 ఏప్రిల్ 1955, మంగళవారం ఉదయం.

ప్రియమైన కూతురు మేరికి అమ్మ సంతోషమ్మ దీవించి రాయునది. నేను క్షేమం. మీ అందరి క్షేమం కోరుతున్నాను. ఈసారి అది అలవాటుగా రాసిన మాట కాదు.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. దేవక్క కొడుకు తెచ్చి ఇస్తే గడప దాటకుండా అక్కడే కూలబడి చదివాను. నా కార్డు అందినప్పుడల్లా అల్లుడు గోడ మీద బొగ్గుతో ఒక గీత గీస్తున్నాడని, బిడ్డ దగ్గరుండి చూసి చప్పట్లు కొడుతోందని రాశావు. మీ అత్తగారు మెత్తబడి, పది రోజులు కానీ, ఆ కుక్కకు నేనే ఒక పూట మాంసం వొండి పంపుతా, పాపం దానిదేముందిలే అన్నారని రాశావు. ఆమె తిట్టినప్పుడే నయం. ఆ తిట్లు మోయగలిగాను.

ఇంకో మూడు రోజులు గడిస్తే మనకు గండం గడిచినట్టే, అమ్మా, నువ్వు ఉండబట్టి బిడ్డకు సూదులు తప్పాయి అని కూడా రాశావు. ఆ ముక్క నువ్వు రాయకుండా ఉండవలసింది.

ఇక్కడి సంగతులు. నాలుగు రోజులుగా కండెలు సరిగా రావడం లేదని మగ్గం వాళ్ళు వెనక్కి పంపారు. దేవక్క నాతో మాట్లాడడం మానేసింది. నిన్న మాత్రం వాకిట్లో నిలబడి, పిన్నమ్మా, నువ్వు రాస్తావా, నన్ను పోయి సెప్పమంటావా, ఇంక ఈ పాపం నేను సూడలేను అని గట్టిగా అంది. లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. కాసేపటికి తీశాను. మళ్ళీ వేశాను.

కుక్కల మీద నాకున్న నమ్మకం సంగతి ఇన్ని రోజులుగా ఆలోచిస్తున్నాను. తిండి పెట్టిన చేతిని కరవదు అనుకుంటాం. అది పెట్టిన చేతికి సంబంధించిన మాట. తన ఎముక మీదికి వచ్చిన చిన్న చెయ్యి ఎవరిదో దానికేం తెలుసు? బిడ్డ ఆట అనుకుంది, కుక్క దోపిడి అనుకుంది. మధ్యలో తెలిసిన ప్రాణం నేనొక్కదాన్నే, నేను బిందె పట్టుకొని పోయాను. కరియ మంచివాడా చెడ్డవాడా అని నలుగురూ నన్ను అడుగుతున్నారు. వాడు కుక్క. ఈ ముక్క మీ అత్తగారు మొదటిరోజే చెప్పారు. రెండేళ్ళ పిల్లను ఏ కుక్క దగ్గరా ఒంటరిగా వదలకు, మేరీ. అది ఎంత మంచిదని ఎవరు చెప్పినా, నేనే చెప్పినా వదలకు.

బిడ్డకు గాటు దగ్గర దురద ఉందా? తిమ్మిరి అని చెయ్యి విదిలిస్తోందా? నీళ్ళు తాగుతోందా?

ఇంక రాయడానికి ఏమీ లేదు. అల్లుడికి, వియ్యపురాలికి నా నమస్కారాలు. బిడ్డకు ముద్దులు.

ఇట్లు,
నీ అమ్మ,
సంతోషమ్మ

తా.క. మేరీ, సంతకం పెట్టి, కాగితం మడిచి, నరసప్ప చేతికి ఇచ్చేశాను కూడా. వాకిలి దాటుతుంటే వెనక్కి పిలిచి తీసుకున్నాను. ఆయన గడప మీద కూర్చొని ఉన్నాడు, బస్సుకు వేళవుతోంది.

కరియ ఇంట్లో లేడు. గురువారం సాయంత్రం నుంచి లేడు.

తాడు తెంపుకొని పోలేదు. నేనే విప్పాను. ఆ రోజంతా మూలుగుతూనే ఉన్నాడు, మెడ పుండయింది. ఒక్కసారి వీధి చివరి దాకా పోయి వస్తాడు, ఎప్పుడూ అలాగే వస్తాడు కదా అనుకున్నాను. వాడిని నమ్మి బిడ్డను వదిలినదాన్నే, మళ్ళీ వాడిని నమ్మి తాడు వదిలాను. దీపాలు పెట్టినా రాలేదు. తెల్లవారినా రాలేదు. శుక్రవారం కార్డు రాసేటప్పుడు, మధ్యాహ్నానికి వస్తాడు, ఈలోగా వాళ్ళను ఎందుకు హడలగొట్టాలి అనుకొని బాగున్నాడని రాశాను. శనివారం, నిన్నటి మాట అబద్ధమని ఎలా రాయాలో తెలియక మళ్ళీ రాశాను. ఆ కొర్రన్నం, ఆ చెంబెడు నీళ్ళు అన్నీ నేను పుట్టించినవే. అల్లుడు వస్తే ఉత్త గుంజ కనబడుతుందని రానివ్వలేదు. గోడ మీద మీరు గీసిన గీతల్లో మొదటి రెండే నిజం.

వాడికి పిచ్చి ఉందో లేదో నాకు తెలియదు. పోయేటప్పుడు మామూలుగానే ఉన్నాడు. కానీ మూడు రోజుల మామూలు చాలదని డాక్టరు మన ముందే చెప్పాడు. నాలుగు రోజుల కిందట మాధవరం దారిలో నల్లకుక్కను చూశానని కాశప్ప రాత్రి చెప్పాడు. ఆయన బండి ఇప్పుడు అటే పోతోంది, నేను ఎక్కుతున్నాను. వాడు బతికి దొరికితే పట్టుకొస్తాను, చచ్చి దొరికితే ఆ కబురు తెస్తాను. దాని కోసం మీరు ఒక్క గంట కూడా ఆగవద్దు.

నరసప్పతో పాటు ఆదోని బస్సే ఎక్కవచ్చు కదా అని నీకు తోస్తుంది. ఆయన కూడా అదే అన్నాడు, నువ్వే పోయి సెప్పుకో అక్కా అని. కుక్కను వెతకడానికని ఆయనతో చెప్పాను. నీ ముఖం చూడలేక అని నీకు చెబుతున్నాను. రేపు వస్తాను. నువ్వు లోపలికి రానివ్వకపోతే బయటే కూర్చుంటాను.

ఇదంతా కాగితం మొదట్లోనే రాయవలసింది, చివర రాశాను. నువ్వు ఇంత దూరం చదివేదాకా ఎంత పొద్దు పోయిందో. నన్ను తర్వాత తిట్టు. అల్లుడు మిల్లు నుంచి వచ్చేదాకా చూడకు. బిడ్డ నిద్రపోతుంటే లేపు. ఎత్తుకొని ఆసుపత్రికి పో.