నలభై ఒక్క రోజుల సరేనండీ

17 ఏప్రిల్ 1955, ఆదివారం. కర్నూలు.

ఉదయం 9. ఆయన్ని ఇంటికి తెచ్చాం.

ఈ డైరీ బీమా ఏజెంటు ఆయనకిచ్చింది. జనవరి నుంచి ఒక్క అక్షరం రాయలేదు మహానుభావుడు. ఇకనుంచి నాది.

జరిగింది: పేగులో గడ్డ. పెద్దాసుపత్రిలో కోసి తీసేశారు. కింది దారి మూసి, ఎడమ పక్క పొట్ట మీద కొత్త దారి పెట్టారు. ఇక బతికినన్నాళ్ళూ అదే దారి. దాని మీదికి మద్రాసు నుంచి తెప్పించిన రబ్బరు సంచి, బెల్టు.

డాక్టరు చెప్పింది: గడ్డ పోయింది. బాగా తిని, నాలుగడుగులు తిరిగితే ఇంకో ఇరవై ఏళ్ళు ఢోకా లేదు. మనసు నొప్పించకండి, ఎదురు చెప్పకండి. ఈ చివరి రెండు ముక్కలూ నా వైపే చూస్తూ చెప్పాడు. నా నోటి సంగతి ఆసుపత్రి దాకా పాకినట్టుంది!

అందుకని సంకల్పం. మణికట్టుకు పసుపు దారం కట్టుకున్నాను. నలభై ఒక్క రోజులు:

ఆయన్ని ఒక్క మాట అనను.
ఏమన్నా సరే, "సరేనండీ" అంటాను.
ముప్పై ఏళ్ళుగా "ఏమయ్యా" అన్నాను. ఇకనుంచి "ఏమండీ". డాక్టరుగారి భార్య అనడం లేదూ? ఏమంత బ్రహ్మవిద్య!

18 ఏప్రిల్

ఉదయం 7. ఆసుపత్రిలో కట్లు కట్టే ఏసేపు వచ్చి నేర్పాడు. వేడి నీళ్ళు, దూది, తెల్ల మలాము.

"రుద్దొద్దమ్మా, అద్దల్ల. ఎర్రగా ఉండాదని భయపడొద్దు. అది లోపలి చర్మం, అంతే."

నాకేం కళ్ళు తిరగలేదు. ఐదుగురు పిల్లల గుడ్డలు ఉతికిన చేతులివి. ఆయనే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"రాజీ, నీకు అసయ్యంగా లేదా?"

నోటి చివరి దాకా వచ్చింది, "ఈ ముప్పై ఏళ్ళూ నీ గురకను భరించలేదా" అని. దారం చూసుకున్నాను. "లేదండీ" అన్నాను.

ఆయన గోడవైపు నుంచి తల తిప్పి నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. ముచ్చటపడ్డాడు కాబోలు!

20 ఏప్రిల్

పరామర్శకు పదకొండు మంది. అందరి చేతుల్లో కమలాపళ్ళు, అందరి కళ్ళూ ఆయన పొట్ట మీద. ఒక్కరూ మొహం చూసి మాట్లాడలేదు. ఒకావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "దుమ్ము శానా ఉండాది కదా" అంది. మా ఇంట్లో దుమ్మా! నేను ఒక్క మాట అనలేదు. (ఆవిడ సంకల్పంలో లేదు. అయినా ఊరుకున్నాను. అదీ నా గొప్ప!)

సాయంత్రం ఆయన: "మంచం ఎనకాల సామాన్ల గదిలో ఎయ్యి. నేనింక నడవలో పండుకోను. దేవునింట్లోకీ రాను."

ఆ గదిలో మా అంగడి సరుకు ఉంటుంది. బిందెలు, చెంబులు, తపేలాలు. గాలి రాదు.

"సరేనండీ."

మంచం వేయించాను. మా అంట్లు తోమే సిద్దమ్మ నా మొహంలోకి వంగి చూసింది.

"ఏం శెట్టెమ్మా, నోరు మూసుకోనుండావు? పంటినొప్పా?"

"కాదే. సంకల్పం."

"అయ్యో! దానికి లవంగనూనె పెట్టుకో."

25 ఏప్రిల్

తొమ్మిదో రోజు. పొద్దున తిననన్నాడు. సరేనండీ. రాత్రికి మజ్జిగ చాలన్నాడు. సరేనండీ.

"తింటేనే కదా వచ్చేది" అన్నాడు. అదీ ఆయన తెలివి! లోపలికి వేయకపోతే బయటికి రాదట. నలుగురికీ లెక్క చెప్పే వ్యాపారి ఈయన!

మధ్యాహ్నం గోడను తిట్టాను. గోడ ఆయన కాదు. పిల్లిని తిట్టాను. పిల్లీ ఆయన కాదు. రబ్బరు సంచి ఉతుకుతూ దాన్ని తయారుచేసిన వాడిని ఏడు తరాలు తిట్టాను, గదిలోకి వినపడేంత గట్టిగా. ఇవేవీ లెక్కలోకి రావు.

ఈ ఎండలో రోజుకు ఆరు బిందెలు ఎక్కువ నీళ్ళు కావాలి. కర్నూలు రాజధాని అయింది, బాగానే ఉంది. వీధి కొళాయికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు.

30 ఏప్రిల్

సంచి మళ్ళీ కారింది. ఎండకు రబ్బరు మెత్తబడి అంచు అతకదు. చర్మం ఒరుసుకుపోయింది. ఆ సమయానికే మా మరిది కేశవయ్య వచ్చాడు. ఆయన దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

సాయంత్రం ఏసేపు వచ్చి ఆయన చెయ్యి పట్టి చూశాడు. నన్ను బయటికి పిలిచాడు.

"శెట్టి తింటాండాడా, అమ్మా?"

"తింటున్నాడు" అన్నాను. అబద్ధం.

"కండ కరిగిపోతాండాది. ఇట్లయితే కోత మానదు. గడ్డ సంపలేదు గానీ ఈ పస్తు సంపుతాది."

నేనేం చేయను? డాక్టరే కదా ఎదురు చెప్పొద్దంది! తప్పు నాది కాదు. ఇంకా ఇరవై ఏడు రోజులున్నాయి. అంతవరకు మనిషి ఉంటాడా అని రాయబోయి, కొట్టేశాను.

5 మే

సాయంత్రం 6. ఆయన: "రేపు అంగడి బీగంచెవులు కేశవయ్యకు ఇస్తా. నేను పోయి కూచ్చుంటే కొనేకి ఎవరొస్తారు?"

"స" అన్నాను. మిగతాది రాలేదు. దగ్గినట్టు నటించి వంటింట్లోకి వచ్చేశాను.

6 మే, శుక్రవారం

పోయింది. సంకల్పం పోయింది, దారం పోయింది, అన్నీ పోయాయి.

ఉదయం 10. కేశవయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. దుఃఖానికి ఇస్త్రీ ఎందుకో!

"వదినా, అన్నకు ఇంక రెస్టు కావల్ల. అంగడి సంగతి నేను చూసుకుంటా కదా" అన్నాడు. చెయ్యి అప్పటికే చాచి ఉంది.

ఆయన పళ్ళెంలో తమలపాకులు, ఆకుల మీద తాళంచెవులు పెట్టి అందించాడు. ఆ మణికట్టు చూశాను. ఎముక.

"ఏమయ్యా!" అన్నాను.

అంతే. పళ్ళెం లాక్కున్నాను. దారం దాని అంచుకు తగులుకుని తెగింది. తెగితే తెగింది!

"నలభై ఏండ్లు జిల్లా అంతటికీ గిన్నెలమ్మినావు. అంచు చూసి చెప్తావు, మోత విని చెప్తావు. నీ పొట్టకు కారకుండా ఆనే గిన్నె ఒగటి లేదా నీ అంగట్లో? ఎవడో మద్రాసోడు చేసిన తిత్తి కట్టుకోని, గోడకు మొగం పెట్టుకోని పండుకుంటావా? సిగ్గులేదా? కూడు మానేస్తే ఏమొస్తాది, పాడె వస్తాది! నిన్ను కడిగేకి నేనుండా. మోసేకి మాత్రం నాకు ఓపిక లేదు, చెప్తాండా!"

ఇంకా చాలా అన్నాను. పేజీ చాలదు.

కేశవయ్య చెయ్యి ఎప్పుడు వెనక్కి పోయిందో, మనిషి ఎప్పుడు వీధిలోకి పోయాడో తెలియదు. పెరట్లో సిద్దమ్మ తోమడం ఆపేసింది.

ఆయన మెల్లగా లేచి కూర్చున్నాడు.

"రాజీ. అయితే నేను సావనా?"

"ఎవురు చెప్పినారు నీకు, సస్తావని?"

"నువ్వే. ఇరవై దినాల నుంచి అండీ అంటాండావు. ఏమడిగినా సరే అంటాండావు. డాక్టరు నీతో చెప్పేసినాడనుకుంటి."

పళ్ళెం కింద పెట్టాను. ఎంత బుద్ధిమంతురాలినో! చేజేతులా మనిషిని చంపబోయాను, అదీ మర్యాదగా.

"ఆ సంచి పనితనం నాకు మొదటి నుంచీ నచ్చలే" అన్నాడాయన. తర్వాత: "అన్నముండాదా?"

రెండుసార్లు వడ్డించాను.

12 మే

మంచం మళ్ళీ నడవలోకి వచ్చింది. సామాన్ల గదిలో మూడు రోజులు ఒకటే మోత. ప్రతి గిన్నె తీసి, గోటితో కొట్టి, పొట్టకు ఆనించి చూసుకున్నాడు. చివరికి ఏది కుదిరిందీ? పెళ్ళిళ్ళలో అతిథులకు గంధం పూసే గంధం గిన్నె!

కంచరిని పిలిపించి అంచు వెడల్పు చేయించాడు, లోపలా బయటా కళాయి పూయించాడు. అంచు చుట్టూ మెత్తటి మల్లుగుడ్డ నేను కుట్టాను. మొదటిది కారింది. రెండోది గుచ్చుకుంది. రెండుసార్లూ తిట్టాను. మూడోది నిలిచింది. ఏసేపు దాన్ని డాక్టరుకు చూపించి తెచ్చాడు. "తిప్పి తిప్పి చూసినాడమ్మా. బాగుండాది, దినామూ కాగిన నీళ్ళతో కడగమన్నాడు" అన్నాడు.

కేశవయ్య మళ్ళీ రాలేదు. ఇస్త్రీ దండగ.

16 మే, సోమవారం

మళ్ళీ మొదటి రోజు.

నిన్న ఆయనే కొత్త దారం తెచ్చాడు. "నలభై ఒగటి నాళ్ళు. దినానికి ఒగ తిట్టు, అన్నానికి ముందర. తప్పకూడదు" అన్నాడు. సరే అన్నాను. అండీ అనలేదు. తిట్టడానికి నాకు సంకల్పం కావాలా! నిద్రలో కూడా చేస్తాను.

ఉదయం 8. మజ్జిగన్నం తిని, చొక్కా తొడుక్కుని, అంగడికి బయలుదేరాడు. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. వీధి చివరి దాకా పోయాడు. చూస్తే తాళంచెవులు గుమ్మం పక్కనే ఉన్నాయి. అంగడి తెరవడానికి పోతూ తాళంచెవులు మరచిపోయిన శెట్టి! ఇంతకంటే మంచి అవకాశం దొరుకుతుందా?

పరుగెత్తాను. వీధంతా చూస్తోంది. ఆయన ఆగి, పొట్ట ముందుకు పెట్టి, తిట్టు కోసం నవ్వుతూ నిలబడ్డాడు. నిటారుగా నిలబడ్డాడు. నాలుగు నెలలైంది ఆ మనిషి అలా నిలబడి.

నోరు తెరిచాను. ఒక్క తిట్టూ రాలేదు.

"జాగ్రత్తండీ" అన్నాను.

ఆయన మొహంలో నవ్వు పోయింది.

"ఏమే, నిజం చెప్పు. డాక్టరేమన్నా అన్నాడా?"

మొదటి రోజే చెడింది. దారం విప్పి మళ్ళీ కట్టుకున్నాను. మొదటి రోజు రేపు. ఈలోగా సాయంత్రం గడప తొక్కుతూనే తిట్టాలి. ఏదో ఒకటి దొరక్కపోదు.