మళ్ళా మిలిటరీలోకి తీసుకోమని

మామా, నువ్వు పరుగుకు పోయి ఇంకా రాలేదు. నేను గోడౌన్‌లో లీవు చెప్పేసి నేరుగా రేణిగుంట స్టేషన్‌కు వస్తా. గిన్నెలో ఉప్మా ఉండాది, తినకుండా బయలుదేరొద్దు. తెల్లచొక్కా ఇస్త్రీ చేసినా. మెడల్స్ అత్త తుడిచి పెట్టింది.

ఎదురుగా చెప్తే నువ్వు ఒప్పుకోవు, అందుకే రాస్తా ఉండా. సర్వీసు మధ్యలో ఎందుకు వచ్చేసినావని చెన్నైలో ఆఫీసరు మళ్ళా అడుగుతాడు. పోయినసారి "ఇంటి సమస్యలు సార్" అని తల దించుకున్నావు. అందుకే కదా, "మళ్ళీ చేర్చుకోవడానికి పనికిరాడు" అని డిశ్చార్జి బుక్కులో ఉన్న ముక్క కొట్టెయ్యకుండానే వెనక్కి పంపినారు!

ఈసారి ఉన్నదున్నట్టు చెప్పు. "బిడ్డ పోయినాక నా పెండ్లానికి మతి నిలవలేదు, రైలుపట్టాల కాడికి పోయి నిలబడేది, కాపలా ఉండేదానికే వచ్చేసినాను" అని చెప్పు. నా పరువు కోసం నీ పేరు చెడగొట్టుకున్నది చాలు. పారిపోయి వచ్చినోడని వీధిలో వాళ్ళు నిన్ను అంటా ఉంటే నాకు అన్నం దిగడం లేదు. నువ్వు నోరు తెరవకపోతే నేనే లోపలికొచ్చి చెప్తా. ఇప్పుడు బాగుండానని డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం నా దగ్గరే ఉండాది.

గ్రేసీ

ఇంకో మాట. నిన్ను మళ్ళా తీసుకుంటే, నువ్వు లేని రాత్రులు తలుచుకుంటే నాకిప్పటికీ భయమే. అది మాత్రం ఆడ చెప్పొద్దు.